రాజావారి ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్

దొరల ఏలుబడి రోజుల్లో, ఒకానొక చిన్న సంస్థానంలో జగపతిరాజుగారని ఒక ప్రభువు ఉండేవారు. ఆయనకు ఇంగ్లీషు పిచ్చి. ఏ దొర దగ్గర విన్నారో, 'ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్' అనే మాట పట్టుకొచ్చారు. ఎవరు అడ్డుపడ్డా తప్పని ఫలితం అని దాని అర్థం. ఇక చూసుకోండి, ఏ ఉత్తర్వులోనైనా ఆ మాట పడాల్సిందే. తోటమాలి ఉద్యోగం ఊడినా అదే, పులుసులో ఉప్పెక్కువైనా అదే.

ఆ యేడు రాజావారు కోటకు కొత్తగా వెల్ల వేయించారు. పక్కనే కుమ్మరివీధి. కుండలు కాల్చే ఆవం పొగ తెల్లటి గోడల మీదికి వచ్చింది. అంతే, ఉత్తర్వు తయారైంది: "కోటకు వెల్ల వేసినందున కుమ్మరివీధి ఖాళీ అవడం ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్."

కుమ్మరిపెద్ద పోలయ్య ఆస్థాన విదూషకుడు గవరయ్య ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బాబూ, వానలు దగ్గరపడ్డాయి. పిల్లాపాపల్తో ఎక్కడికి పోమంటారు? కొత్తచోట మట్టి చూసుకుని ఆవం పెట్టుకునేసరికి ఆకలితో చస్తాం."

ఎలాగైనా సాయం చేస్తానని గవరయ్య మాటిచ్చాడు. కానీ రాజావారి ఇంగ్లీషులో తప్పుపట్టిన పండితుణ్ణి అంతకుముందే పొలిమేర దాటించారు. 'ఇది తప్పు అని నేనంటే లాభం లేదు, ఆయన నోటితోనే అనిపించాలి' అనుకున్నాడు.

మర్నాడు నిండుకొలువులో ఉత్తర్వు చదివారు. సభంతా "భేష్" అంది. గవరయ్య చేతులు కట్టుకుని లేచాడు.

"అమోఘం ప్రభూ! దాని కిందే, ఇదే బాణీలో, నేనూ ఒక వాక్యం రాసుకోనా?"

రాజావారు మీసం దువ్వారు. "రాయవోయ్, నీ ఇంగ్లీషు ఏపాటిదో చూస్తాను. తప్పు రాశావో, కుమ్మర్లతోపాటు నువ్వూ మూట సర్దుకోవాలి."

గవరయ్య రాసి, పైకి చదివాడు: "కుమ్మరివీధి ఖాళీ అయినందున చిన్నమ్మాయిగారి పెళ్ళి ఆగిపోవడం ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్."

రాజావారు సింహాసనం మీంచి లేచారు. "ఏం కూశావ్? వచ్చే నెల ముహూర్తం పెట్టుకుంటే మా అమ్మాయి పెళ్ళి ఆగడమేమిటి?"

"ఐరేని కుండలు మహాప్రభూ! ముత్తైదువలు మేళతాళాలతో మన ఊరి కుమ్మరి ఇంటికి వెళ్ళి, తాంబూలమిచ్చి, ఆ కుండలు తెస్తేగానీ మీ వంశంలో పెళ్ళిపీటలు వెయ్యరు కదా. కుమ్మరి ఇల్లే లేకపోతే మేళం ఎవరి గుమ్మంలో ఆగుతుంది?"

రాజావారి ముఖం పాలిపోయింది. ఆ సంగతే ఆయనకు తట్టలేదు. తెర వెనక రాణిగారి గాజులు కోపంగా గలగలమన్నాయి.

"తప్పు రాశావు!" అని అరిచారు రాజావారు. "అది ఇనెవిటబుల్ ఎలా అవుతుంది? నేనొక్క మాటంటే కుమ్మర్లు ఇక్కడే ఉంటారు, పెళ్ళీ జరుగుతుంది!"

"చిత్తం. ఒక్క మాటతో ఆగేదాన్ని అలా రాయకూడదు. తప్పే రాశాను" అని గవరయ్య కాగితం పైవాక్యం మీద మెల్లగా వేలు పెట్టాడు. "మరి ఇది ప్రభూ?"

రాజావారు కాగితం లాక్కుని తమ వాక్యం మళ్ళీ చదువుకున్నారు.

"ఇక నా శిక్షంటారా, కుమ్మర్లతోపాటు మూట సర్దుకోమన్నారు. వాళ్ళెలాగూ ఉంటున్నారు కాబట్టి నేనూ ఉండిపోతాను."

ఉన్నట్టుండి రాజావారు పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. "మరి ఆ మాట ఎక్కడ రాయాలోయ్?"

"ఆవం కాలిస్తే పొగ రావడం దగ్గర రాయండి. దాన్ని మీరూ ఆపలేరు, నేనూ ఆపలేను."

రాజావారు ఉత్తర్వును చించేశారు. చేతి కంకణం తీసి గవరయ్యకు తొడిగారు. తర్వాత కొత్త కాగితం తెప్పించి, స్వహస్తాలతో రాసి సభకు వినిపించారు: "గవరయ్యతో వాదానికి దిగినందున మేము ఓడిపోవడం ఇనెవిటబుల్ కాన్సీక్వెన్స్."

ఆయన ఆ మాటను తప్పులేకుండా రాయడం అదే మొదటిసారి.