పట్టుతాడు

ఒక రాజ్యంలో పిల్లలకు మూడో ఏడు రాగానే చేతులు వెనక్కి పెట్టి కట్టేసేవారు. ఏడేళ్లు నిండాక విప్పేవారు. పట్టుతాడే లెండి, ఒరుసుకోదు. కట్టే రోజున చుట్టాలను పిలిచి పాయసం కూడా పెట్టేవారు. చేతులు వదిలేస్తే పిల్లలు కనబడ్డదల్లా పగలగొడతారని, కట్టేస్తే చెప్పింది బుద్ధిగా వింటారని పెద్దల నమ్మకం.

ఆ ఊళ్లో కుమ్మరింట పుట్టిన పంతులమ్మ ఒకామె ఉండేది. ఏడేళ్లప్పుడు తాడు విప్పిన రోజున ఆమె ఆశగా తండ్రి సారె ముందు కూర్చుంది. మట్టి పట్టుకుంటే వేళ్లు ఆమె మాట వినలేదు. ఆనాటి ఏడుపు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

అందుకే పెద్దయ్యాక బడి పెట్టింది. పదిమంది పిల్లలు లోపలికి రాగానే తలుపు గడియ వేసి తాళ్లు విప్పేది. నీళ్లు మోయించేది, మట్టి పిసికించేది. సాయంత్రం మళ్లీ అదే ముడి వేసి పంపేది.

ఒకనాడు ఒక తల్లి వచ్చి నిలదీసింది.

"ఏంటిది పంతులమ్మా? నా బిడ్డ గోళ్లలో మట్టెక్కడిది?"

"కుండ చేసిందమ్మా. వంకర కుండే. కానీ నీళ్లు కారట్లేదు."

ఆ తల్లి తిన్నగా దివాను దగ్గరికి వెళ్లింది.

రాజు చెడ్డవాడేం కాదు. పాత పద్ధతి తప్పితే కొంప మునుగుతుందని భయం, అంతే. దివాను సలహా మీద పరీక్ష పెట్టాడు. సభ మధ్యలో వెడల్పాటి ఇత్తడి పాత్రలో నీళ్లు పోసి, అడుగున చిల్లున్న గిన్నె ఒకటి అందులో వదిలారు. అది మునిగేదాకా పిల్లలు చేతులు కట్టకుండానే కదలక కూర్చోవాలి. ఒక్కరు కదిలినా బడి కూల్చేస్తారు. పంతులమ్మ చేతులు బతికినన్నాళ్లూ కట్టేస్తారు.

పిల్లలు కూర్చున్నారు. ఒకడి ముక్కు మీద ఈగ వాలింది, వాడు కళ్లు మాత్రం మూసుకున్నాడు. గిన్నె అంచు నీటికి వేలెడు దూరంలోకి వచ్చింది.

అప్పుడు దివాను కండువా కొస జారి సాంబ్రాణి నిప్పుల్లో పడింది. మంట నడుము దాకా పాకింది. సభలో అందరూ చూశారు. రాజు లేచి నిలబడ్డాడు. కానీ ఎవరూ ముందుకు రాలేదు. భయంతో అందరి చేతులూ వెనక్కి పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. దివాను చేతులూ అంతే. అతను మంటను చూస్తూ కేకలు పెడుతున్నాడు.

వరసలో చివరి పిల్ల పంతులమ్మ వైపు చూసింది. కదలొద్దు తల్లీ, ఇంకొక్క క్షణం అన్న మాట పంతులమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అలా అనుకున్నందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. "వెళ్లు," అంది.

ఆ పిల్ల పరుగెత్తి పాత్రను రెండు చేతులా ఎత్తి దివాను మీద కుమ్మరించింది. మంట ఆరింది. మునగని గిన్నె నేల మీద దొర్లింది.

దివాను తడిసిన బట్టలతో వణుకుతూ నిలబడ్డాడు.

"పిల్ల కదిలింది మహారాజా," అన్నాడు. "షరతు షరతే."

ఆ రాజ్యంలో రాజు కుడిచెయ్యి ఎత్తితేనే తీర్పు. భటులు పలుగులు పట్టుకుని బయట సిద్ధంగా ఉన్నారు. సభంతా ఆ చెయ్యి కోసం చూసింది. రాజు భుజాలు కదిలాయి, నుదుట చెమట పట్టింది. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

పిల్ల కాసేపు చూసింది. తర్వాత మెల్లగా మెట్లెక్కి రాజు వెనక్కి వెళ్లి, ఆయన మణికట్లు తడిమింది.

"ముడేమీ లేదు తాతా," అంది.