మునెమ్మ గరిటె

సుదర్శనానికి ఒకటే దిగులు. మంచి చెయ్యబోతే చెడు ఎలా అయింది?

కలంకారీ బొమ్మలు నేర్పే చెంగమ్మగారి దగ్గర అతను ఆరేళ్లుగా శిష్యుడు. స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఆవిడ పెంకుటిల్లు. సుదర్శనం గుర్రాన్ని గీస్తే అది గుడ్డ మీంచి దూకేటట్టు ఉండేది. ఆ సంగతి ఊళ్లో అందరికంటే అతనికే బాగా తెలుసు.

మంగళవారం, శుక్రవారం ఆ ఇంటి వసారాలోకి వేరే మనుషులు వచ్చేవాళ్లు. మనసు చెదిరినవాళ్లు, నిద్రపట్టనివాళ్లు, దుఃఖంతో నోట మాట రానివాళ్లు. కొందరిని ఆస్పత్రి డాక్టరమ్మ పంపేది. కొందరిని ఇంట్లోవాళ్లే చెయ్యి పట్టుకుని తెచ్చేవాళ్లు. చెంగమ్మగారు ఒక్కొక్కరికి ఒక గుడ్డముక్క, కాల్చిన చింతపుల్ల ఇచ్చి, "ఏదో ఒకటి గియ్యండి" అని పక్కన కూర్చునేవారు. వైద్యమంతా అంతే.

వాళ్లలో దొరస్వామి ఒకడు. జట్కా తోలీ తోలీ ముసలివాడయ్యాడు. భార్య మునెమ్మ పోయి ఆరు నెలలు. ఆనాటినుంచి నోరు విప్పలేదు. కూతురు కన్నియమ్మ కలిపి పెడితే రెండు ముద్దలు తినేవాడు. వసారాలో మాత్రం నెల రోజులుగా ఒకటే బొమ్మ గీస్తున్నాడు. అది మునెమ్మ. ముక్కు వంకర. ముందుపళ్లు ఎత్తు. బరువు కమ్మలకి సాగి ఒక చెవి కిందికి జారింది. చేతిలో గరిటె. బొమ్మ సాగేకొద్దీ ఆ రెండు ముద్దలూ నాలుగయ్యాయి, ఐదయ్యాయి.

ఇక్కడ పని తీరు కొంచెం చెప్పాలి. చింతబొగ్గుతో గీసింది గుడ్డపెట్టి దులిపితే పోతుంది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నలుపుతో, వెదురు కలం పట్టి గీసింది ఉతికినా పోదు. అందుకే ముందు బొగ్గు, తర్వాత కలం.

ఆ శుక్రవారం దొరస్వామి అన్నానికి లేచినప్పుడు సుదర్శనం ఆ బొమ్మ చూశాడు. జాలేసింది. పాపం, చెయ్యి వణికి ఎంత పాడుచేసుకున్నాడో అనుకున్నాడు. బొగ్గంతా శుభ్రంగా దులిపాడు. నల్లటి కలంతో తామర రేకుల్లాంటి కళ్లు పెట్టాడు, ముక్కు నిటారు చేశాడు, పళ్లు ముత్యాల్లా పేర్చాడు. గరిటె సంగతి కాసేపు ఆలోచించాడు. తామర మొగ్గ గియ్యబోయి ముసలాయనకి కుదరలేదు కాబోలని, దాన్ని విచ్చిన తామరపువ్వు చేసి పెట్టాడు.

దొరస్వామి తిరిగొచ్చి బొమ్మ చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి, ఆ దేవతెవరో అన్నట్టు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత గుడ్డ ఎత్తి కింద చూశాడు. చాప ఎత్తి చూశాడు. లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

మంగళవారం కన్నియమ్మ ఒక్కతే వచ్చింది. "నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడమ్మా. నాలుగు దినాలుగా గంజి తప్ప ఏమీ దిగలా. ఇంక నాకు భయంగా ఉంది."

"నేను బాగుచేశానమ్మా," అన్నాడు సుదర్శనం గురువుగారితో. "ఒక్క గీత కూడా తప్పు లేదు. మీరే చూడండి." ఆ గుడ్డ తెచ్చి చూపించాడు.

చెంగమ్మగారు చూడలేదు. వేరే గుడ్డముక్క అతని ముందు పరిచారు. "మీ అమ్మ బొమ్మ గియ్యి."

అదెంత పని? రెప్పపాటులో గీసేశాడు. కన్నియమ్మ వంగి చూసింది.

"ఏందన్నా, మొన్న మా అమ్మకి బదులు పెట్టిన ఆమేగదా ఈమె!"

"మీ అమ్మకి మెల్లకన్ను కదరా?" అన్నారు చెంగమ్మగారు.

"అవునమ్మా. కానీ బొమ్మలో బాగుండదని..."

అతను వంగి రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాడు.

ఆవిడ ఒక కొత్త గుడ్డ, గుప్పెడు బొగ్గుపుల్లలు సంచిలో పెట్టి అతని చేతికిచ్చారు. "దొరస్వామి దగ్గరికి పో. కొన్నాళ్లు నేర్చుకో."

సుదర్శనం ముసలాయన మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. "తాతా, అవ్వ బొమ్మ గీస్తా. తప్పుంటే చెప్పు." ముక్కు గీశాడు. వంకరగా గియ్యాలనే అనుకున్నాడు గానీ, ఆరేళ్ల అలవాటు. అది నిటారుగానే వచ్చింది.

మంచం కిర్రుమంది. ముసలాయన ఇటు తిరిగాడు.

"దులుపు."

వంటింట్లో కన్నియమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

సుదర్శనం దులిపాడు. మళ్లీ గీశాడు.

"దులుపు. ఆ పండ్లేంది? ఎత్తు. ఇంకా ఎత్తు! నోరు మూసినా రెండు కనపడాల."

"ఇప్పుడో, తాతా?"

"దులుపు! గరిటె అట్లా పట్టుకుంటారా ఎవురైనా? కొట్టను లేచినట్టు ఉండాల. అయ్యో, వంకర గూడా సరిగ్గా గియ్యను రాదే నీకు! ఆరేళ్లు ఏం నేర్పింది ఆ చెంగమ్మ? ఇట్లా తే ఆ పుల్ల. కన్నీ, వీడికింత అన్నం పెట్టు, చేతిలో బలం లేదు. నాకూ పెట్టు."

సాయంత్రం సుదర్శనం తిరిగొచ్చాడు. మోచేతులదాకా బొగ్గు, ముక్కుమీద బొగ్గు.

"గీశావా?" అన్నారు చెంగమ్మగారు.

"లేదమ్మా. దులిపేశాడు."

"బొమ్మనా, నిన్నా?"

"ఇద్దర్నీ." అతను తల గోక్కున్నాడు. "రేపు పొద్దున్నే రమ్మన్నాడు. చెవి దగ్గర్నుంచి మొదలంట."

"ఆలస్యంగా పోకు," అన్నారు చెంగమ్మగారు. "గరిటె ఎలా పట్టుకోవాలో ఆయనకి బాగా తెలుసు."