టక్కుమన్న తేనెజాడీ

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో, ఒక కొత్తల్లుడు అత్తారింటి అరుగు మీద కూర్చుని మీసం దువ్వాడు. "నా కళ్ళకి గంతలు కట్టండి. ఏ జాడీలో ఏముందో ఒక్క గులకరాయి వేసి చెప్పేస్తా. ఈ చుట్టుపక్కల నాలాంటి మొనగాడు పుట్టలేదు!" అన్నాడు.

అని, దర్జాగా లేచి, గుమ్మం చూసుకోక ఠపీమని తల కొట్టుకున్నాడు. పెళ్ళాం నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. ఊఁ కొడుతున్నావా, బుజ్జీ?

అతని పేరు గౌరునాయుడు. వట్టి వేళాకోళం మనిషి. మనసులో ముల్లు లేదు గానీ నోరే ఊరుకోదు. వచ్చిన దగ్గర్నుంచీ మరదలు పారమ్మని "చీమలమ్మా, చీమలమ్మా" అని ఒకటే ఏడిపించడం. దానికి తీపంటే ప్రాణం కదా, అందుకని!

"ఇంత విద్య ఎక్కడ నేర్చావు బావా?" అంది పారమ్మ.

"మా గురువుగారి దగ్గర. ఆయన పేరు ఊరికే చెప్పకూడదు" అన్నాడు.

అప్పుడు పారమ్మ అతని కళ్ళకి గంతలు కట్టి, ఒక జాడీ ముందు పెట్టింది. అతను రాయి వేశాడు. బుడుంగుమని మునిగి, ఆ వెంటనే అడుగున టక్కుమంది.

"నీళ్ళు!"

నీళ్ళే. ఆ తర్వాత రెండో జాడీ పెట్టింది. రాయి మునిగింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. అప్పుడు, తీరుబడిగా, టక్...

"ఆముదం!"

"వాసన పట్టేశావు బావా! ఇదీ ఒక విద్యేనా?"

"అయితే ముక్కు కూడా నువ్వే మూసెయ్. కిటుకంతా చెవిలో ఉంది పిల్లా! నీళ్ళు పలచన, రాయిని తోసేసి ఊరుకుంటాయి. ఆముదం చిక్కన, చెయ్యి పట్టుకుని దించుతుంది. తేనె ఇంకా చిక్కన. చంకనెత్తుకుని, జోకొడుతూ దించుతుంది. అడుగు చేరినా చప్పుడే ఉండదు."

అప్పుడు పారమ్మ చప్పుడు కాకుండా ఉట్టి మీంచి మూడో జాడీ దించింది. అది తేనెజాడీ. చలికాలం దగ్గు పట్టుకుంటే మామగారికి అదే మందు. ఆయనే కొండెక్కి, తేనెటీగల చేత కుట్టించుకుని తెచ్చుకున్నాడు. బుగ్గ వాపు ఇంకా తగ్గలేదు, పాపం.

పారమ్మ ఒక చేత్తో బావ ముక్కు మూసింది. కడిగిన రాయి ఇంకో చేత్తో అందించింది. అతను వేశాడు.

బుడుంగ్. టక్!

"దీళ్ళు!" అన్నాడు ముక్కు మూతతోనే, గర్వంగా.

"ఓడిపోయావు బావా! అది తేనె!" అని పారమ్మ గంతలు లాగేసి గెంతింది. జాడీ చూడగానే అతని మొహం ఆముదం తాగినట్టయింది. "అవును, ఓడిపోయాను, ఓడిపోయాను" అన్నాడు గబగబా.

కానీ అక్కడే కూర్చుని చూస్తున్న అత్త లేచి వచ్చింది. "ఉండవే. తేనెలో రాయి టక్కుమంటుందా? అల్లుడుగారు ఇప్పుడే గదా చెప్పారు!" గరిటె ముంచి ఎత్తింది. బెల్లం నీళ్ళు బొటబొటా కారాయి.

ఆ తర్వాత ఏమైందనుకున్నావు? అత్త పారమ్మ చెవి పట్టుకుంది. "అల్లుడుగారు చీమలమ్మని ఊరికే అన్నారా? మీ నాన్న మందు తినేస్తావే!"

"నేను కాదమ్మా! బావా, నువ్వైనా చెప్పు బావా!"

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయాడు గౌరునాయుడు. ఎర్రగా కందిన ఆ చెవి చూశాడు. మూలన కూర్చున్న మామగారి బుగ్గ చూశాడు. తను సరదాగా పెట్టిన పేరే ఆ పిల్ల మీదికి దొంగతనమై వచ్చి పడింది. భూమి నోరు తెరిస్తే అందులో దిగిపోదామనిపించింది, అదీ నీళ్ళలో రాయంత తొందరగా.

"అత్తా, ఆ చెవి వదిలెయ్యండి. పట్టుకోవలసింది నాది" అన్నాడు. "మీరంతా పొలం వెళ్ళినప్పుడు తేనె తిన్నది నేను. బెల్లం నీళ్ళు పోసిందీ నేనే. రేపు మామతో నేనూ కొండెక్కుతాను."

పారమ్మ చెవి రుద్దుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "మరి మీ గురువుగారెవరు బావా?"

అతను తల ఇంకా కిందికి దించాడు.

"ఈ జాడీయే. వేళ్ళు ముంచి తింటుంటే, మీరు పెట్టిన పెళ్ళి ఉంగరం తేనెలోకి జారిపోయింది. ఎంత మెల్లిగా దిగిందంటే... ముందు వేళ్ళన్నీ శుభ్రంగా నాక్కుని, అప్పుడు తీసుకున్నాను."

కథ వెళ్ళింది కంచికి,
అల్లుడెళ్ళాడు కొండకి,
జాడీ ఎక్కింది ఉట్టికి,
చీమ చేరింది పుట్టకి,
మనం జారుదాం నిద్దట్లోకి,
తేనెలో ఉంగరంలాగా... మెల్లిగా.