సముద్రం కన్నా ఉప్పటి నీళ్ళు

పేరిందేవిగారు అడిగినదానికి అడిగినచోట సమాధానం చెప్పరు. విశాఖపట్నంలో ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ బాధ తెలుసు. "కాంభోజి నాకు ఎందుకు పట్టుబడటం లేదండీ" అని నేనొకసారి అడిగితే, దండెం మీద బట్టలు ఆరేసి రమ్మన్నారు. ఆరేసి వచ్చాను. ఆ బట్టలకీ కాంభోజికీ ఏం సంబంధమో పదకొండేళ్ళయినా నాకు అంతుపట్టలేదు, అది వేరే సంగతి. కానీ కూర్మారావు అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తర్వాత జరిగింది కూడా కళ్ళారా చూశాను.

కూర్మారావు ఆవిడ శిష్యుల్లో మేలిమి. పోర్టులో ఉద్యోగం, మిగతా పొద్దంతా పాట. మేమందరం పాడామంటే పాడామనిపించుకునే బాపతు. అతను పాడితే వీధిలో పోయే స్కూటరు ఆగేది. రెండేళ్ళ కిందట గొంతులో చిన్న గడ్డ లేచింది, ఆపరేషను చేశారు. ఏడాదిపాటు పాట మాట అటుంచి, గట్టిగా మాట్లాడటమే వద్దన్నారు. ఆ తర్వాత డాక్టరు నిక్షేపంగా పాడుకోమన్నాడు. అంతే, మా వాడు రోజుకి ఆరు గంటల సాధన పెట్టుకున్నాడు. సరళీస్వరాల దగ్గర్నుంచి మళ్ళీ మొదలు. ఎంత పాడితే అంత బొంగురు. పై షడ్జం దగ్గరికి వెళ్ళేసరికి గొంతు జీరపోయి ఆగిపోయేది.

ఒక ఆదివారం పాఠం అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

"అమ్మగారూ, పోయిన గొంతు మళ్ళీ నిండాలంటే ఇంకా ఎంత సాధన చెయ్యాలి? ఆరు గంటలు చాలకపోతే ఎనిమిది చేస్తాను. నెలాఖరుకి దారికి రాకపోతే మటుకు పాట మానేస్తాను. ఇలా పాడటం నాకే సిగ్గుగా ఉంది."

ఆ మాట అంటుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం, "రేపు మధ్యాహ్నం మీ ఇంటికి భోజనానికొస్తాను, వరహాలుతో చెప్పు" అన్నారు. వరహాలు అతని భార్య. నా వైపు తిరిగి "నువ్వూ రా" అన్నారు. భోజనమన్న చోట నేను ప్రశ్నలు వెయ్యను.

వాళ్ళ ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టె ఒకటుంది. మాట్లాడకూడదన్న ఏడాదిలో కూర్మారావు కాలక్షేపం అదే. ఉప్పునీళ్ళు, రాళ్ళు, నారింజరంగు మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు, రాళ్ళని అంటుకుని పగడపు జీవాలు. ఆ పగడాలు సముద్రంలోంచి విరిచి తెచ్చినవి కావు, ఇలాంటి తొట్టెల్లోనే అంటు కట్టి పెంచినవని ముందే చెప్పాడు, ఎవరైనా తిడతారని భయం కాబోలు. వాటిలో ఒకటి ఆకుపచ్చ వేళ్ళు చాపుకుని, పంపు నీళ్ళు తోసినప్పుడల్లా ఊగుతుండేదట. మేం వెళ్ళిన రోజు ఆ వేళ్ళన్నీ లోపలికి ముడుచుకుని, అంచుల్లో తెల్లటి ఎముక బయటపడుతోంది.

"ఇదీ పోయేలా ఉందండీ" అన్నాడు కూర్మారావు. "పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నాను."

"ఏం పోస్తున్నావ్ ఇందులో?"

"సముద్రపు నీళ్ళేనండీ. లైట్ల వేడికీ ఈ ఎండలకీ రోజుకి రెండు లీటర్లు ఆవిరైపోతాయి. బోటు మీద వెళ్ళే స్నేహితుడొకడు ఒడ్డుకి దూరంగా శుభ్రమైన ఉప్పునీళ్ళు పట్టి డబ్బాలతో తెస్తాడు. పొద్దున్నే ఎంత తగ్గితే అంత పోస్తాను. సముద్రంలో ఉండాల్సిన వాటికి కుళాయి నీళ్ళు పొయ్యడానికి నాకు చేతులు రావు."

తొట్టె పక్కన ఉప్పు కొలిచే పరికరాలు రెండున్నాయి. రెండెందుకని నేనడిగాను.

"మొదటిది ఉప్పు ఎక్కువుందని చూపిస్తోంది. పాడైందేమోనని ఇంకోటి కొన్నాను. అదీ అదే పాట. మీరే చెప్పండి, సముద్రపు నీళ్ళు సముద్రం కన్నా ఉప్పగా ఎలా ఉంటాయి?"

నాకూ ఆ మాట సబబుగానే తోచింది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళం, పరికరాన్ని అనుమానిస్తాం గానీ సముద్రాన్ని అనుమానిస్తామా? పేరిందేవిగారు తొట్టె అంచు వెంట వేలు రాశారు. వేలికి తెల్లటి పొడి అంటుకుంది. దాన్ని చీర చెంగుకి తుడుచుకుని, ఆకలేస్తోంది పదమన్నారు.

మేం వెళ్ళడమే ఆలస్యంగా వెళ్ళాం. వరహాలు ఆనపకాయ పులుసు పొయ్యి మీదే ఉంచేసింది పాపం, అది మరిగి మరిగి గరిటె నిలబడేంత చిక్కనైపోయింది. నొచ్చుకుంటూ గ్లాసుడు వేణ్ణీళ్ళు పోసి కలిపింది.

"వట్టి నీళ్ళు పోశావేమ్మా?" అన్నారు పేరిందేవిగారు. "ఉప్పు, చింతపండు కూడా మళ్ళీ వెయ్యొద్దూ?"

వరహాలు ఆవిడ వైపు వింతగా చూసింది. అరవై ఏళ్ళు వంట చేసిన మనిషి అడగవలసిన ప్రశ్న కాదది. "మరిగిపోయింది నీళ్ళే కదండీ. ఉప్పెక్కడికి పోతుంది? అందులోనే ఉంది. మళ్ళీ వేస్తే నోట్లో పెట్టుకోగలమా?"

కూర్మారావు ముద్ద కలుపుతున్నవాడు ఆగిపోయాడు. గుమ్మంలోంచి తొట్టె కనిపిస్తోంది. కాసేపు దానికేసి, కాసేపు పులుసుకేసి చూశాడు.

"ఎండలు ముదిరినప్పట్నించీ రోజూ ఉప్పు మీద ఉప్పు పోస్తున్నాను" అన్నాడు. అని విస్తరి ముందు తలవంచుకుని ఏడ్చినంత పని చేశాడు. పేరిందేవిగారు పులుసు బాగుందని ఇంకో రెండు గరిటెలు వేయించుకున్నారు.

ఒక్క రోజులో నీళ్ళు మార్చేస్తే మిగిలినవి కూడా పోతాయి. అందుకని రోజుకో మగ్గు ఉప్పునీళ్ళు తీసి, వడగట్టి శుద్ధి చేసిన వట్టి నీళ్ళు ఆ మేరకి పోస్తూ వచ్చాడు. ఆవిరైన దానికీ వట్టి నీళ్ళే. మూడు వారాలు పట్టింది. ఒక పొద్దున్న నాకు ఫోను చేసి రమ్మన్నాడు. వెళ్ళి చూస్తే ఆ ఆకుపచ్చ వేళ్ళు సగానికి పైగా బయటికొచ్చి ఊగుతున్నాయి. ఎముక బయటపడ్డ చోట మటుకు ఇంకా అలాగే ఉంది. ఇద్దరం టీ చల్లారేదాకా దాని ముందే కూర్చున్నాం. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఆ సాయంత్రం అతను నన్ను వెంటబెట్టుకుని పేరిందేవిగారి దగ్గరికి వెళ్ళాడు. నెలాఖరు రెండు రోజుల్లో ఉంది, గొంతు ఉన్నచోటే ఉంది.

"తొట్టె బాగుపడిందండీ" అన్నాడు. "కానీ నేనడిగింది గొంతు సంగతి. మీరు చెప్పనేలేదు."

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు.

"రోజుకి ఆరు గంటలు పాడుతున్నావు కదా. అందులో ఊరికే పాడుకునేది ఎంతసేపు?"

"ఊరికే అంటే?"

"ఊరికేనే. తప్పొప్పులు చూసుకోకుండా. చొక్కా గుండీలు పెట్టుకుంటూనో, తాళం చెవులు వెతుక్కుంటూనో."

కూర్మారావు వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టి ఆపేశాడు. "ఆపరేషను అయినప్పట్నుంచీ ఒక్కసారి కూడా లేదండీ" అన్నాడు. అని తనే ఆశ్చర్యపోయాడు.

పేరిందేవిగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టారు.

"అయితే నెలాఖరు సంగతి మర్చిపో. ఆ ఊరికే పాడుకోవడం రోజుకో చెంబుడు పోసి చూడు నాయనా. ఒకేసారి కుమ్మరించకు."