పేరులో కిటికీ

ఒక పట్టణంలో ఒక కార్యాలయం, ఆ కార్యాలయంలో ఒకటే ప్రింటరు. బిడ్డ పుట్టినా, పెళ్ళి జరిగినా, కొట్టు తెరిచినా కాగితం అందులోంచే రావాలి.

ఆ ప్రింటరు కడుపులో దాని సొంత అక్షరాలు ఉండేవి. నిటారుగా, బిగుసుకుని, వరసలో నిలబెట్టిన జవాన్లలా ఉండేవి. ఎవరు ఏ ఫాంటులో రాసి పంపినా, కంప్యూటరు మాటను ప్రింటరుకి చేరవేసే డ్రైవరు ఆ అక్షరాలను పక్కన పెట్టి, ప్రింటరు అక్షరాలనే వాడేది. సెట్టింగు ఎప్పటినుంచో అలాగే ఉంది, అధికారి మార్చనివ్వలేదు. అలా అయితే కాగితాలు చకచకా వస్తాయి. ఆయన చెడ్డవాడు కాదు. వరండాలో నలుగురు నిలబడి కనిపిస్తే మాత్రం ఆయనకి కాలూ చెయ్యీ ఆడదు.

ఏకాంబరం అనే అతను గోలీసోడా బండి పెట్టుకుందామనుకున్నాడు. అతని ఇంటిపేరు గుఱ్ఱం. అనుమతి పత్రం చేతికొచ్చాక చూస్తే ఇంటిపేరు నడుమ ఒక ఖాళీ గడి ఉంది. ముందు ‘గు’ ఉంది, చివర సున్నా ఉంది, మధ్యలో ఏమీ లేదు.

ప్రింటరు చూసుకునే హైమావతి దగ్గరికి వెళ్ళాడు.

“అమ్మా, మా గుఱ్ఱం తాడు తెంపుకుని పోయింది” అన్నాడు.

హైమావతి కాగితం చూసి నవ్వింది. “ప్రింటరు అక్షరాల్లో బండి ఱ లేదండీ. మామూలు ర పెట్టి ఇచ్చేస్తాను. ఈ రోజుల్లో అందరూ అలాగే రాస్తున్నారు కదా.”

“మా తాత గుఱ్ఱానికి రెండు బండ్లు కట్టి ఇచ్చాడమ్మా. విప్పడానికి నాకు చేతులు రావడంలేదు.”

పక్కగదిలోంచి అధికారి వచ్చాడు. “చూడవయ్యా ఏకాంబరం. నీ అక్షరం నీకు కావాలంటే సెట్టింగు మార్చాలి. అప్పుడు ప్రతి కాగితమూ తన అక్షరాలు తానే మోసుకురావాలి. అందరికీ ఆలస్యం. ఒక్కడికోసం ఊరంతటినీ నిలబెట్టమంటావా?”

ఏకాంబరం వరండాలో నిలబడ్డవాళ్ళ వంక చూశాడు. “వద్దులెండి సార్. ఇదే ఉంచుకుంటాను.”

అన్నాడే గాని, ఇల్లు చేరేసరికి మొహం వాడిపోయింది. అతని భార్య కనకవల్లి కాగితం అందుకుని వెలుగులో పట్టి చూసింది.

“పేరులో కిటికీ పెట్టి పంపించారు. ఎండాకాలం వస్తోంది, గాలాడుతుంది లెండి” అంది.

ఏకాంబరానికి నవ్వొచ్చింది. నవ్వాక బాధ సగం దిగింది. మర్నాడు ఆ కాగితానికి అద్దం కట్టించి, బస్టాండు ముందు పెట్టిన సోడా బండికి తగిలించాడు.

బస్సుల కోసం ఎదురుచూసేవాళ్ళకి అదొక కాలక్షేపమైంది. గడిలో ఏముంటుందో తలా ఒకటి చెప్పేవాళ్ళు. ఒకాయన గుమ్మం అన్నాడు. ఇంకొకామె గుణం అంది. సరిగ్గా చెప్పినవాళ్ళ సోడాలో ఏకాంబరం ఇంకో నిమ్మచెక్క పిండేవాడు. బండి చుట్టూ ఎప్పుడూ నవ్వులే.

ఒకరోజు అధికారి కూడా బస్సు కోసం వచ్చి, దాహమేసి సోడా అడిగాడు. అప్పుడే ఒక చాపలమ్మే ఆమె గడివంక చూస్తూ అంటోంది.

“మాది కొఱ్ఱపాటి వారి ఇల్లు. మాకూ ఇట్లాంటి గడే పడింది. సిగ్గేసి, మామూలు ర పెట్టేయమన్నాను.”

పక్కనే ఉన్న దర్జీ మౌలాలి గ్లాసు కింద పెట్టాడు. “నా కొట్టు పేరు కింద ఉర్దూలో ఒక వరస ఉండేది. వరసంతా గడులే వచ్చాయి. తీసేయండి అన్నారు, తీసేశాను.”

వాళ్ళు నవ్వుతూనే చెప్పారు. అధికారి మాత్రం సగం తాగిన గ్లాసు తిరిగిచ్చేశాడు.

“నీకు నామీద కోపం లేదా?” అని ఏకాంబరాన్ని అడిగాడు.

“మొదట్లో ఉండేది సార్. నా గడి నలుగురికీ కనిపిస్తోంది, నాకు బాగానే ఉంది. వీళ్ళవే కనిపించడంలేదు.”

అధికారి ఆ బస్సు ఎక్కలేదు. వెనక్కి నడిచి కార్యాలయానికి వెళ్ళి, “హైమావతీ, ఆ సెట్టింగు ఎక్కడుందమ్మా?” అన్నాడు.

ఆమె తెరిచి చూపించింది. ప్రింటరు అక్షరాలు వాడు, అని ఒకటి ఉంది. కాగితంతో వచ్చిన అక్షరాలు వాడు, అని దాని కింద ఇంకొకటి ఉంది. అధికారి కింది దానిమీద నొక్కాడు.

సంగతి ఊళ్ళో పాకింది. గడులు పడ్డవాళ్ళూ, గడులు దాచుకున్నవాళ్ళూ కాగితాలు పట్టుకుని బయల్దేరారు. ఏకాంబరం ఇంటిపేరు రెండు బండ్లతో సహా వచ్చింది. చాపలామెకి కొఱ్ఱలు తిరిగొచ్చాయి. మౌలాలి తన ఉర్దూ వరసని గట్టిగా చదివి, అర్థంకాని వాళ్ళకి అర్థం చెప్పాడు.

కానీ ప్రింటరు నెమ్మదించింది. బరువు మోస్తున్నట్టు ఒక్కో కాగితం దిగేది. వరండా నిండి మెట్లదాకా మనుషులు. నిలబడినవాళ్ళు ఊరికే ఉంటారా, మీ పేరేమిటంటే మీ పేరేమిటని కబుర్లు మొదలుపెట్టారు. కనకవల్లి సలహా మీద ఏకాంబరం బండి కూడా కార్యాలయం ముందుకే వచ్చేసింది. సోడాలు కొట్టే చప్పుడు, నవ్వులు, పిలుపులు.

అధికారి ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, చివరికి పాత అలవాటు గెలిచింది. ఆయన చెబుతుంటే హైమావతి ఆయన కంప్యూటరులోనే ఆదేశం కొట్టింది. ‘కార్యాలయ ప్రాంగణంలో గుమికూడువారు, బండ్లు నిలుపువారు తక్షణమే తొలగింపబడుదురు.’

కాగితం నింపాదిగా బయటికొచ్చింది. హైమావతి తెచ్చి బల్లమీద పెట్టింది. అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు.

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. తలకట్లు కాస్త పక్కకి ఒరిగి, అప్పుడే నడక నేర్చిన పిల్లల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

“ఇవి ఎవరి అక్షరాలమ్మా?”

“మీవే సార్. మీ కంప్యూటరులో మొదటినుంచీ ఉన్నవి ఇవే.”

అధికారికి తాను ఉద్యోగంలో చేరిన రోజు గుర్తొచ్చింది. ఆ పొద్దంతా కూర్చుని, ఎన్నో ఫాంట్లు చూసి, మనసుపడి వీటిని ఏరుకున్నాడు. మొదటి కాగితం మాత్రం జవాన్ల అక్షరాల్లో వచ్చింది. కార్యాలయమంటే ఇలాగే ఉండాలి కాబోలనుకున్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఆ అక్షరాలలాగే మాట్లాడాడు.

ఆయన ఆదేశాన్ని మళ్ళీ చదివాడు. బయట ఎవరో ఏదో అన్నారు, పదిమంది నవ్వారు.

“తలుపుకి అంటించమంటారా?” అంది హైమావతి.

“ఆగమ్మా. ఈ అక్షరాల్లో ఈ మాట బాగాలేదు.”

కుర్చీ లాక్కుని ఈసారి తానే కొట్టాడు. అంత చిన్న మాటకి ఆయనకీ ఆలస్యమైంది, ప్రింటరుకీ ఆలస్యమైంది. ఎట్టకేలకు హైమావతి కాగితం తీసుకెళ్ళి తలుపుకి అంటించింది. ఏకాంబరం కొట్టబోతున్న సోడా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ముందున్న మౌలాలి మెడ చాచి, అందరికీ వినిపించేలా చదివాడు.

“నిలబడినవారు కూర్చోవచ్చు.”