మడత మార్చని చీర

మెదడు జబ్బుల మీద జీవితమంతా పరిశోధన చేసిన హైమవతి గారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. దగ్గర్లో ఉన్న వస్తువేదో తెమ్మని, దాన్ని చూపించి ఊరుకుంటారు.

ఆ ఆదివారం శిష్యురాలు వకుళ తల్లిని చూడటానికి ఆవిడ ధర్మవరం వచ్చారు. నాంచారమ్మ కూతుర్ని మరిచిపోయి ఏడాది దాటింది. వకుళ పరిశోధన సరిగ్గా ఆ జబ్బు మీదే. అంత చదువూ చదివి, కన్నతల్లి చేత రోజూ "ఎవురుమ్మా నువ్వు?" అనిపించుకుంటోంది. ఇంతకన్నా వెక్కిరింపు ఇంకేం కావాలి?

"బయటి నుంచి ఏ విషమూ రాలేదు కదా మేడమ్! మెదడు తన కోసం తయారు చేసుకున్న ప్రోటీనే ముద్దలు కట్టి దాన్నే ఎందుకు చంపాలి?" అని అడిగింది వకుళ, కసిగా.

"మీ అమ్మ పెళ్లిచీర ఉందా?" అన్నారు హైమవతి గారు.

ఉండకేం! వకుళ ఆశంతా దాని మీదే. ఆ చీర చూస్తేనైనా అమ్మకు తను గుర్తొస్తుందని, జబ్బు మొదలైన నాటి నుంచి ప్రాణంలా దాచింది. తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు; చూపించాక ఆ ఆశా పోతుందేమోనన్న భయంతో తనూ ముట్టుకోలేదు.

ఇప్పుడు తెచ్చి విప్పింది. మడత పొడవునా పట్టు పిగిలిపోయి ఉంది. రెండో మడతా అంతే. పురుగు కొట్టలేదు, చెమ్మ తగల్లేదు. వకుళ చీరను ఒళ్లో వేసుకుని భోరుమంది.

హైమవతి గారు ఓదార్చలేదు. "ప్రోటీన్లను సరైన మడతలో ఉంచేవీ, మడత చెడి ముద్ద కట్టబోయేవాటిని ఎప్పటికప్పుడు తీసేసేవీ కణంలో వేరే ఉంటాయని నువ్వే కదా రాశావు," అన్నారు.

నాంచారమ్మ మంచం మీంచి వంగి చీర అంచు పట్టుకుంది. ఒకప్పుడు ఏటా శ్రావణంలో పట్టుచీరలన్నీ నీడన ఆరవేసి, పాత మడత మీదే మళ్లీ మడత పడి పట్టు పిగలకుండా మార్చి పెట్టిన చేతులవి. చిరుగు వెంట వేలు పోనిచ్చింది.

"ఎవురిదిమ్మా ఈ చీర? ఎంత మంచి పట్టు! మడత మార్చి పెట్టేవాళ్లే లేకపోయిరా ఆ ఇంట్లో?" అంది వకుళతో, పరాయి పిల్లను అడిగినట్టు.



"నువ్వు నన్నడిగిన ప్రశ్నకు ఆవిడే జవాబు చెప్పారు," అన్నారు హైమవతి గారు మెల్లగా. "అంతకు మించి నాకూ తెలీదు, వకుళా."