గుమ్మం పట్టని బొమ్మ

జర్మనీలో ఓ చిన్న ఊళ్లో గెర్నోట్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. బొమ్మలు బాగానే వేసేవాడు కానీ, ఎక్కడైనా సరే ముందు చోటు తనకే కావాలనేవాడు.

ఆ ఊరి చిత్రకారులకి ఓ సంఘం, దానికో ప్రదర్శనశాల ఉన్నాయి. ఏడాదికోసారి సభ్యులందరూ తలా ఒక బొమ్మ పెట్టుకోవచ్చు. బాగుందా లేదా అని అడిగేవాళ్లే ఉండరు, చూడండి ఎంత మంచి పద్ధతో! ఒక్కటే షరతు. శనివారం పన్నెండు కొట్టేలోగా బొమ్మ గోడెక్కాలి. గెర్నోట్ ఏం చేసేవాడంటే, ఏటేటా బొమ్మ పెద్దది చేసుకుంటూ పోయేవాడు. దాంతో లోపలికి రాగానే కనిపించే ఎదురుగోడ మొత్తం ఆయన పేరునే రాసేవాళ్లు. మిగతావాళ్లు మెట్ల దగ్గర సర్దుకునేవాళ్లు.

ఆ ఏడాది ఇర్మా అనే ఆవిడ కొత్తగా చేరింది. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆవిడ మొదటి బొమ్మకి మెట్ల కింద, చలికోట్లు తగిలించే చోట ఓ మేకు చూపించారు.

"కోట్ల వెనకాల నా బొమ్మ ఎవరికి కనిపిస్తుందండీ?" అంది ఇర్మా.

"మేకైనా దొరికింది, సంతోషించండి," అన్నాడు గెర్నోట్.

శనివారం పదకొండింటికి ఆయన బొమ్మ లారీలో వచ్చింది. వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. నిలువుగా పెట్టారు, పట్టలేదు. ఏటవాలుగా తిప్పారు, పట్టలేదు. రంగు ఇంకా పచ్చిగా ఉంది, చుట్టడానికీ వీల్లేదు.

"గుమ్మం కొలవలేదా గెర్నోట్?" అంది సంఘం అధ్యక్షురాలు.

"గోడ కొలిచాను," అన్నాడాయన.

ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఇర్మా తన బొమ్మ మెట్ల మీద పెట్టేసి వచ్చింది. బస్సు వెనక్కి తీయించినట్టు చేతులూపుతూ, "కొంచెం ఎడమకి... చాలు చాలు... ఇంకో జానెడు," అంది. కుదర్లేదు. అప్పుడు తన గొడుగు ఆ బొమ్మకి పట్టి, తను తడుస్తూ నిలబడింది.

పన్నెండుకి పావుగంట ఉంది.

"మీ బొమ్మ తగిలించారా?" అని అడిగాడు గెర్నోట్.

"మీది తడిసిపోతోందిగా. నాది వచ్చే ఏడాది చూద్దాంలెండి."

అధ్యక్షురాలు అంది: "ఎదురుగోడ నీ పేరు మీదుంది. నువ్వు వదిలితే తప్ప ఇంకొకరికి ఇవ్వలేను. ఖాళీగానే ఉంటుంది."

గోడ ఖాళీగా ఉంటే ఊరంతా తన గురించే అడుగుతుంది. అదీ గెర్నోట్‌కి తెలుసు. తడిసిన ఇర్మా వైపు ఒకసారి చూశాడు. తన బొమ్మని మళ్లీ లారీ ఎక్కించమని చెప్పి, మెట్ల దగ్గరికి పరుగెత్తి, ఆవిడ బొమ్మ తెచ్చి ఎదురుగోడ నడుమ తనే తగిలించాడు.

"మెట్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లందరూ ఇటు రండి, బోలెడు చోటుంది," అన్నాడు.

పన్నెండు కొట్టేసరికి ఆ గోడ మీద ఆరు బొమ్మలున్నాయి.

మర్నాడు ప్రదర్శనకి వచ్చిన ఓ ముసలాయన ఇర్మా బొమ్మ ముందు అలాగే నిలబడిపోయాడు. "ఇది మా వీధి మలుపు. రోజూ ఇక్కడే బస్సెక్కేవాణ్ణి," అన్నాడు. ఇర్మా వచ్చి ఆయన పక్కన నిలబడింది. గెర్నోట్ వెళ్లి ఆ పెద్దాయనకి కుర్చీ తెచ్చి వేశాడు.

అందుకే పిల్లలూ, నలుగురిదైన చోటు మనమొక్కళ్లమే ఆక్రమించకూడదు. పక్కవాళ్లకి చోటిస్తేనే నలుగురిలో మనకీ విలువ.